ఒంటికాలి మీద అల్లుడుగారు

ఆ శనివారం ఉదయం రేవు టిక్కెట్ల గుమాస్తా మూడు పనులు మనసులో పెట్టుకుని ఇంట్లోంచి బయటపడ్డాడు. పది గంటల పడవకు టిక్కెట్లు సరిచూడటం మొదటిది. అదే పడవలో అవతలి ఒడ్డు నుంచి వస్తున్న విద్యాశాఖ అధికారిని ఎదురెళ్లి పలకరించడం రెండోది. జేబులో నాలుగు మడతలు పడి ఉన్న అర్జీని ఆయన చేతిలో పెట్టి కూతురి చదువు బాగుచేయడం మూడోది. మూడో పని కోసమే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

అర్జీలో ఉన్నది తీరదళం సంగతి. దీవి బడిలో సైన్సు టీచరు ఏడాది కిందట పదకొండు మంది పిల్లల్ని, రెండు బైనాక్యులర్లను పోగుచేసి ఆ పేరు పెట్టింది. బడి వదిలాక, శనివారాలూ పిల్లలు తీరం వెంట తిరుగుతారు. ఏ పిట్ట వచ్చింది, ఏ గవ్వ తగ్గింది, నీరు ఎంతదాకా ఎక్కింది, అన్నీ రాసుకుంటారు. దీవిని రేపు చూసుకోవాల్సింది ఈ పిల్లలే కాబట్టి ఇవాళే చూడటం నేర్చుకోవాలని టీచరు వాదన. గుమాస్తా పదమూడేళ్ల కూతురే దళానికి నాయకురాలు. దీవి మొత్తం ఆ పిల్లను దళపతి అంటుంది. మొదట్లో గుమాస్తా కూడా 'దళపతి నాన్న' అనిపించుకుని మురిసిపోయాడు. లెక్కల్లో ఎనభై ఒకటి వచ్చే మార్కులు అరవై నాలుగుకు దిగాక ఆ మురిపెం కాస్తా ఆవిరైపోయింది.

"తీరం ఎక్కడికీ పోదు. లెక్కల పరీక్ష ఏడాదికి ఒక్కసారే వస్తుంది" అని అర్జీలో రాశాడు. ఆ వాక్యం తనకే ఎంతో నచ్చడంతో కింద గీత కూడా గీశాడు. దళాన్ని మూసేసి ఆ వేళకు లెక్కల ట్యూషన్ పెట్టించమని కోరాడు. ఇవాళ అధికారి వస్తున్నదీ సరిగ్గా ఆ విషయం తేల్చడానికే. దళం ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఆయన కళ్లారా చూసి రాసే రిపోర్టు మీద ఉంది. పైగా సైన్సు టీచరు నిన్నటి నుంచి జ్వరంతో మంచాన పడింది. వచ్చిన అధికారికి దళం పని చూపించే బాధ్యతంతా పిల్లల నెత్తిన పడింది. ఇంకేం, తన పని సగం అయిపోయినట్టేనని గుమాస్తా అనుకున్నాడు.

గడప దాటుతుంటే భార్య కుట్టుమిషను ఆపకుండానే అడిగింది. "పిల్ల తెల్లారకుండానే ఉత్తరపు ఒడ్డుకు పోయింది. అక్కడ అదేం చేస్తోందో మీరు ఒక్కసారైనా అడిగారా?"

"అడగడానికేముంది? రోజూ వచ్చేసరికి చెప్పుల నిండా బురద కనపడట్లేదూ?"

"చెప్పులు చూస్తే ఏం తెలుస్తుంది, మనిషిని అడగాలి గానీ" అని ఆవిడ దారం కొరికింది. గుమాస్తా విననట్టే మెట్లు దిగాడు.

తొమ్మిదీ ఇరవైకి రేవు ఆఫీసులో ఫోన్ మోగింది. అవతల కూతురు, దీపస్తంభం దగ్గరి ఫోన్ నుంచి. వెనక గాలి హోరు.

"నాన్నా, నేనే! అమ్మకి వెంటనే చెప్పు. పెళ్లివారు దిగారు!"

"ఎవరు దిగారు?"

"పెళ్లివారు! ఉత్తరపు ఒడ్డున. మూడొందల పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టాం."

గుమాస్తా పెన్ను పక్కన పెట్టాడు. ఈ రేవులో అతిపెద్ద పడవకు అరవై మంది పడతారు. మూడొందల పన్నెండు మంది రేవుకు రాకుండా, టిక్కెట్టు కొనకుండా, తనకు మాటమాత్రం చెప్పకుండా ఉత్తరపు ఒడ్డున దిగిపోయారా!

"టిక్కెట్లున్నాయా వాళ్ల దగ్గర?"

గాలిలో ఆ ప్రశ్న అవతలికి చేరలేదు. పిల్ల తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "అల్లుడుగారు గంట నుంచి ఒంటికాలి మీద ఉన్నారు. కదలట్లేదు. అత్తగారేమో పైన తిరుగుతోంది. ఆవిడ కిందికి దిగిందంటే అందరూ లేచిపోతారు, ఇంక మన పని అంతే! ఆఫీసరుగారిని అమ్మనే తీసుకురమ్మను. ఇంకెవరికీ..."

లైను తెగిపోయింది. గుమాస్తా రిసీవరు పెట్టేశాడు. తర్వాత తెగిన వాక్యాన్ని తనే పూర్తిచేశాడు. 'ఇంకెవరికీ చేతకాదు' అనబోయి ఉంటుంది. నిజమే, దీవిలో ఎవరింట తగవు వచ్చినా సర్దిచెప్పేది తన భార్యే. మిగతాదంతా విడమరచి చెప్పక్కర్లేదు. పక్క దీవికి పోవాల్సిన పెళ్లి బృందం పోటుకు దారి తప్పి ఇక్కడ దిగింది. అల్లుడు అలిగి ఒంటికాలి మీద లేచాడు. అత్తగారు మండిపడుతోంది. ఇద్దరూ ఎదురుపడితే పెళ్లి పెటాకులే. ఒక్క లేచిపోవడం మాత్రం అతనికి కొరుకుడు పడలేదు. పెళ్లికూతురు లేచిపోవడం విన్నాడు గానీ, పెళ్లివారంతా మూకుమ్మడిగా లేచిపోవడం ఎప్పుడూ వినలేదు.

కూతురు చెప్పమన్నది అమ్మకు, ఇంట్లో ఫోన్ లేదు. ఇంటికి పోవాలంటే రేవు క్యాంటీను ముందునుంచే పోవాలి. క్యాంటీను నడిపే అక్కను దాటి కబురు పోవడం దీవి చరిత్రలో లేదు.

"ఏంటి తమ్ముడూ, ఆ పరుగు?"

"ఏం లేదక్కా. ఎవరికీ చెప్పకు. ఉత్తరపు ఒడ్డున పెళ్లివారు దిగారు, మూడొందల మంది. అల్లుడు ఒంటికాలి మీద లేచాడట."

"అయ్యో, ఎందుకంట?"

"అది తెలీదు. గంట నుంచీ అంతేనట."

"ఆకలై ఉంటుంది" అని అక్క తేల్చేసింది. "కడుపు ఖాళీగా ఉంటే మా ఆయనా అంతే. మూడొందల మందంటే నా దగ్గరున్న పాలు ఏ మూలకి? ఒరేయ్, వీధిలో ఇంటింటికీ పోయి పాలు పట్రండ్రా!"

ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పాల కోసం గిన్నెలు ఎన్ని గడపలకు వెళ్లాయో, కబురూ అన్ని గడపలకు వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టు ఉంటే అది కబురే కాదు. మొదటి వీధిలో అల్లుడు ఒంటికాలి మీద ఉన్నాడు. రెండో వీధి మొదట్లో అతనికి ఒక్క కాలే ఉంది. వీధి చివర ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి రెండో కాలు పడవ దిగుతుండగా ఇందాకే విరిగింది. కాంపౌండరు స్ట్రెచరు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. అత్తగారి సంగతి ఇంకా ఘోరం. పైన తిరుగుతున్న మనిషి పైన అంటే ఎక్కడ? ఆ ఒడ్డున పైన ఉన్నది దీపస్తంభం ఒక్కటే. ఆవిడ దాని మీదికెక్కి దూకుతానంటోందని వలలు అల్లేవాళ్లు ఖాయం చేసుకుని, ఉన్నవాటిలో మందపాటి వలను నలుగురు నాలుగు మూలలా పట్టుకుని బయల్దేరారు.

దీవిలో ఉన్నది ఒకటే వ్యాను. దాన్ని నడిపే బాబాయికి హారన్ బాబాయ్ అని పేరు. వ్యానులో బ్రేకుల కన్నా హారనే నమ్మకంగా పనిచేస్తుందని ఆయన దాన్నే ఎక్కువ వాడతాడు. ముసలివాళ్లను, పాలడబ్బాలను, కుర్చీలను ఎక్కించుకుని, అధికారి కూడా వస్తే బయల్దేరదామని రేవులోనే ఆగాడు.

ఈలోగా పది గంటల పడవ రానే వచ్చింది. టిక్కెట్ల మనిషి లేకుండా పడవ కట్టడం కుదరదని గుమాస్తాను సగం దారిలోంచి వెనక్కి పిలుచుకొచ్చారు. చేతిలో ఫైలుతో, అలల తాకిడికి పాలిపోయిన ముఖంతో అధికారి దిగారు. గుమాస్తా నమస్కారం, అర్జీ ఒకేసారి అందించాడు.

"తీరదళం గురించండి. తీరిగ్గా చదవండి."

"ఆ పిల్లల కోసమే వచ్చాను. ఎక్కడున్నారు వాళ్లు?"

గుమాస్తా నోరు తెరిచేలోగా హారన్ బాబాయ్ అందుకున్నాడు. "ఉత్తరపు ఒడ్డునే ఉన్నారు సార్! మీరు దేవుడిలా వచ్చారు. అక్కడ ఓ పెళ్లి తప్పిపోయేలా ఉంది. పెద్దమనిషి తరహాలో ఉన్నారు, అల్లుడికి మీరు ఒక్క మాట చెప్పాలి."

"నేను విద్యాశాఖలో పనిచేస్తానండీ!"

"అదే మరి. విద్య ఉన్నవాళ్లు చెబితేనే వింటారు" అంటూ బాబాయ్ ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టేశాడు. కుర్చీల మధ్య ఇరుక్కుపోయిన అధికారి దిగే దారి లేక జేబులోంచి కళ్లద్దాలు తీసుకుని అర్జీ విప్పారు. వ్యాను హారన్ మోగిస్తూ కదిలింది. దాని వెనక స్ట్రెచరు, వల, టీ కెటిళ్లు, దాదాపు ఎనభై మంది జనం. గుమాస్తాకు ఒళ్లు పులకరించింది. తన ఒక్క మాటకు దీవి మొత్తం కదిలి, ముక్కూ ముఖం తెలియనివాళ్ల పెళ్లి నిలబెట్టడానికి పోతోంది. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. తను నిజమే చెప్పి పెళ్లి చేస్తున్నాడు. ఆ తృప్తితో చొక్కా సర్దుకుని, అసలు కబురు అందాల్సిన మనిషికి చెప్పడానికి ఇంటికి నడిచాడు.

"ఏమేవ్, మిషను ఆపు. నువ్వు అర్జెంటుగా ఉత్తరపు ఒడ్డుకు పోవాలి. పెళ్లివారు దిగారు. అల్లుడు ఒంటికాలి మీద లేచాడు. అత్తగారు దీపస్తంభం ఎక్కింది."

భార్య కాలు మిషను మీదే ఆగింది. "దీపస్తంభమా? పిల్ల ఏమంది? అన్న మాట అన్నట్టు చెప్పండి."

చెప్పాడు. ఆవిడ ముందు పెదవి కొరుక్కుంది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరికి మిషను మీద తల ఆనించి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"పెళ్లివారంటే పిట్టలండీ! ఉల్లంకి పిట్టలు. ఏటా ఎక్కడినుంచో గుంపుగా వచ్చి, మూడు వారాలు తిని, గోల చేసి పోతాయని పిల్లలు ఆ పేరు పెట్టారు. అల్లుడుగారు కొంగ. ఎవరో వడ్డిస్తారన్నట్టు మెడ సాచి ఒంటికాలి మీద నిలబడుతుంది కదా. అత్తగారు గద్ద."

"పిట్టల్ని పిట్టలంటే సరిపోదా?"

"పోయినేడు అలాగే అన్నారు. ఫోన్లో విన్నవాళ్లు పదిమంది పోయి రాళ్లేశారు. రెండు రోజుల్లో ఒక్కటి మిగల్లేదు. అందుకే ఈ గుట్టు. నాకు చెప్పింది. మీకూ చెప్పేదే, మీరు అడిగితే." ఆవిడ నవ్వు అక్కడితో ఆగిపోయింది. "అవునూ, నాకన్నా ముందు ఇంకెవరికైనా చెప్పారా?"

గుమాస్తా గోడ వైపు చూశాడు.

"ఎంతమందికి?"

"నేను చెప్పింది ఒక్కరికే. వెళ్లింది మాత్రం ఎనభై మంది."

"వ్యాను కూడానా? హారన్ కొడుతూనా?" భార్య లేచి నిలబడింది. "అవి రోజుల తరబడి ఎగిరి వచ్చి ఇందాకే వాలాయి. నీరు తీసి ఉన్న ఈ రెండు గంటలే వాటికి తిండి. మీ జనం పోయి అదిలించారంటే ఇంకో తీరానికి పోతాయి. ఆఫీసరు వచ్చి ఖాళీ బురద చూస్తాడు. పిల్ల ఆయన ముందు తల దించుకుని నిలబడుతుంది. మీరు అర్జీ దాకా పోనక్కర్లేదు, మీ నోరు చాలు."

"అర్జీనా? ఏ అర్జీ?"

"చొక్కా ఇస్త్రీ చేసింది నేనే. జేబులు చూడకుండా ఇస్త్రీ చెయ్యను."

ఆవిడ మిషను సొరుగులోంచి ఓ నోటుపుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది. అధికారికి చూపించడానికి తీసుకురమ్మని కూతురు తల్లికి అప్పగించిన పుస్తకం అది. గుమాస్తా తెరిచాడు. తేదీ, నీరు తీసిన వేళ, గాలి వాలు, పిట్టల సంఖ్య, అన్నీ గడులు గీసి ఉన్నాయి. గుంపును గడులుగా విడదీసి, ఒక గడిలో లెక్కపెట్టి, మిగతావాటితో హెచ్చవేసి, ముగ్గురి లెక్కలకు సగటు తీసి, పోయిన వారానికీ ఈ వారానికీ తేడా శాతంలో రాసి ఉంది. ఒక చోట లెక్క తప్పితే దాన్ని చెరిపేయలేదు. పక్కన 'నా పొరపాటు, మళ్లీ చేశాను' అని రాసి సంతకం పెట్టింది. పది నెలలు, రెండువందల పేజీలు.

ఇరవై ఏళ్లుగా అంకెలతో బతుకుతున్న మనిషికి అంకెల్లో నిజాయితీ చూడగానే తెలుస్తుంది. తన టిక్కెట్ల పుస్తకంలో కొట్టివేతలేని పేజీ కోసం వెతకాలి. ఉన్న కొట్టివేతల్లో ఒక్కదాని పక్కనా తన పొరపాటని రాసుకున్న పాపాన పోలేదు. ట్యూషన్లో నేర్పిద్దామనుకున్న లెక్కలు ఈ పిల్ల బురదలో మోకాళ్ల దాకా దిగి చేస్తోంది. గుమాస్తా పుస్తకం మూసి భార్య చేతికిచ్చాడు. తనకు కలిగింది సిగ్గో, గర్వమో తేల్చుకునే తీరిక లేకపోయింది. ఇంకాసేపు ఇక్కడే కూర్చుంటే తను కోరుకున్నదంతా దానంతటదే జరిగిపోతుంది. దళం మూతపడుతుంది. ట్యూషన్ వస్తుంది. తన అర్జీ నెగ్గుతుంది. ఆ ఆలోచన వచ్చిన క్షణానే అతను పక్కింటి సైకిలు అడక్కుండా తీసుకుని తొక్కడం మొదలెట్టాడు.

దీపస్తంభం వెనక నుంచి అడ్డదారి ఉంది. సగం రాళ్లు, సగం ఇసక. ఇసక మీద సైకిల్ని తను మోశాడు, రాళ్ల మీద సైకిలు తనను మోసింది. ఇస్త్రీ చొక్కా ముళ్లకంపకు తగిలి భుజం దగ్గర చిరిగింది. దారి పొడవునా చెవులు రిక్కించి విన్నాడు. హారన్ వినపడలేదు. జనం గోల కూడా వినపడలేదు. అంటే అంతా అయిపోయింది. పిట్టలు పోయాయి, జనం పోయారు, పిల్ల ఒక్కతే మిగిలింది. ఆ ఊహకే అతనికి కళ్లు చెమర్చాయి. ఇసకదిబ్బ ఎక్కి, కింద ఏముందో సరిగా చూడకముందే ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాడు.

"ఆగండి! పెళ్లి లేదు! అల్లుడు కాదు, కొంగ!"

"ష్!"

ఆ 'ష్' ఒకరిది కాదు. ఎనభై మంది ఒక్కసారి అన్నారు.

గుమాస్తా కళ్లు తుడుచుకుని చూశాడు. దిబ్బ కింద జనమంతా వరసలు తీరి ఇసకలో కూర్చుని ఉన్నారు. ఎవరి చెప్పులు వాళ్ల ఒళ్లోనే ఉన్నాయి. క్యాంటీను అక్క గ్లాసు గ్లాసుకు తగలకుండా టీ పోస్తోంది. హారన్ బాబాయ్ వ్యాను తాళం చేత్తో పట్టుకుని బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. తడి ఇసకలో కూర్చోలేక అధికారి స్ట్రెచరు మీద కూర్చుని బైనాక్యులర్లు కళ్లకు పెట్టుకున్నారు. జనం ముందు ఒక తాడు. తాడు పొడవునా పదిమంది పిల్లలు. మధ్యలో పెదాల మీద వేలు పెట్టుకుని తన కూతురు.

తాడుకు అవతల బురద మీద ఉల్లంకి పిట్టలు. తన అరుపుకు ఆ గుంపంతా ఒక్కసారి గాల్లోకి లేచింది. కొంగ రెండో కాలు కిందపెట్టింది. గుమాస్తా దిబ్బ మీదే కూలబడ్డాడు. ఎనభై మంది మూర్ఖులు చెయ్యని పని తను ఒక్కడే చేశాడు. వందల రెక్కలు ఒక్కసారిగా పక్కకు తిరిగి ఎండలో తెల్లగా మెరిశాయి. ఎవరూ ఊపిరి తీయలేదు. పిల్ల మాత్రం తల పైకెత్తి, వేళ్లు కదుపుతూ పెదాలతో ఏదో గొణుగుతోంది. పిట్టలు నీటి మీదుగా ఒక చుట్టు, ఇంకో చుట్టు తిరిగాయి. ఎవరికో దయ కలిగినట్టు మెల్లగా దిగి, మళ్లీ అదే బురదలో వాలి, ముక్కులు దించి తిండిలో పడ్డాయి.

"మూడొందల నలభై ఆరు" అంది కూతురు నెమ్మదిగా. "సార్, నేలమీద ఉన్నప్పుడు వెనక వరస మాకు కనపడలేదు. పొద్దున లెక్క ముప్ఫై నాలుగు తక్కువ. మా నాన్న అరిచారు కాబట్టి తెలిసింది." ఆ తర్వాత దిబ్బ వైపు తిరిగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి అంది. "కానీ ఇంకోసారి అరవకు నాన్నా. లేచిన ప్రతిసారీ తిన్నదంతా వాటికి ఎగరడానికే సరిపోతుంది."

గుమాస్తా పాకుతూ దిగి అక్క పక్కన చేరాడు. ఇదంతా ఎలా జరిగిందని సైగతో అడిగాడు. అక్క చెవిలో చెప్పింది.

"మలుపు దగ్గర తాడు కట్టి ఉంది. వ్యానుకు అడ్డంగా నీ కూతురు. పెళ్లివారు దూరం నుంచి వచ్చి అలిసిపోయి ఉన్నారు, హారన్ ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని, వంగి నడిచి రండి అంది. వచ్చాం."

"పిట్టలని చెప్పలేదా?"

"కూర్చోబెట్టాక చెప్పింది. ముందే చెబితే పిట్టల కోసం ఎవరు వస్తారు తమ్ముడూ? పెళ్లి కాబట్టి చెప్పులు కూడా విప్పాం." అక్క టీ గ్లాసు అతని చేతిలో పెట్టింది. "అన్నట్టు ఆఫీసరుగారు ఏదో అడిగితే నీ కూతురు ఏమందో తెలుసా? తెలీదంది."

గుమాస్తా టీ తాగబోయి ఆగాడు. "తెలీదందా?"

"తెలీదు సార్, అది మేం ఇంకా చూడలేదు, చూసి రాస్తాం అంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు."

అప్పుడే అధికారి స్ట్రెచరు మీంచి లేచి, వంగి వంగి వీళ్ల దగ్గరికి వచ్చారు. చేతిలో అక్క ఇచ్చిన టీ, చంకలో ఫైలు. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు.

"ముప్ఫై ఏళ్లుగా తనిఖీలు చేస్తున్నాను. ఎక్కడికి పోయినా పిల్లలు బట్టీపట్టిన జవాబులు గడగడా అప్పజెబుతారు. తెలీదు అన్న మాట ఇవాళే విన్నాను. ఇంకో సంగతి. ఈ పదకొండు మందికి ఏం వచ్చో చూద్దామని వచ్చాను. వీళ్లు ఊరు మొత్తాన్ని కూర్చోబెట్టి చూడటం నేర్పించారు. మా ఆఫీసులో నేను నలుగుర్ని అయిదు నిమిషాలు నోరు మూయించలేను." ఆయన తాడు దగ్గరున్న పిల్ల వైపు చూశారు. "ఆ దళపతి ఎవరి పిల్ల?"

"నా కూతురండీ" అన్నాడు గుమాస్తా. ఆ రెండు మాటలూ గొంతులోంచి వచ్చేటప్పుడు అతని ఛాతీ చిరిగిన చొక్కాలోనే రెండు అంగుళాలు పెరిగింది.

అధికారి ఫైలులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. "వ్యానులో చదివాను. ఇది ఇచ్చింది మీరే కదా?"

గుమాస్తా కాగితం వంక చూశాడు, కూతురి వంక చూశాడు. పిల్ల మోకాళ్ల దాకా బురద, చేతిలో పెన్సిలు. పొద్దున దాని మాటెత్తితే తనకు గుర్తొచ్చింది బురద చెప్పులే.

"అది ఇచ్చింది టిక్కెట్ల గుమాస్తా అండీ" అన్నాడు. "నేను ఆ పిల్ల తండ్రిని."

అధికారి నవ్వును టీలో కలిపి మింగేశారు. కాగితాన్ని తిరగేసి ఖాళీగా ఉన్న వెనక పక్కను పైకి పెట్టి, పెన్ను అందించారు. "అయితే తండ్రిగారూ, ఇక్కడ ఓ సంతకం పెట్టండి. దళం ఉంటుంది. ఉండటమే కాదు, పక్కనున్న రెండు దీవుల్లోనూ ఇలాంటివి పెట్టాలని రాస్తున్నాను. అక్కడి పిల్లలకు నేర్పడానికి నెలకో శనివారం మీ అమ్మాయి పడవలో పోవాలి. ఇంట్లో అనుమతి కావాలి."

గుమాస్తా సంతకం పెట్టాడు. ఒక్కటి చాలన్నా వినకుండా రెండు పెట్టాడు. భార్య అప్పుడే నోటుపుస్తకంతో దిబ్బ దిగి వస్తోంది. ఆవిడకు విషయం చెప్పబోయి, మాటలకు బదులు కూతుర్ని చూపించాడు. ఆవిడ అతని చొక్కా చిరుగు చూసింది, ముఖం చూసింది. చొక్కా సంగతి ఎత్తలేదు. అత్తగారు మాత్రం పైన ఇంకో రెండు చుట్లు తిరిగి, కింద ఇంతమంది మనుషుల్ని చూసి, తన వల్ల కాదనుకుని దీపస్తంభం వైపు పోయింది. వల తెచ్చిన నలుగురూ ఆవిడ దూకలేదని కాస్త నిరాశపడ్డారు.

నీరు ఎక్కేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత పిల్ల తాడు విప్పి, చేయి ఎత్తి సైగ చేస్తే, ఎనభై మందీ వంగి వంగి మలుపు దాకా నడిచి, అక్కడ చెప్పులు వేసుకుని, అప్పుడు మాట్లాడటం మొదలెట్టారు. హారన్ బాబాయ్ రేవు దాకా ఒక్కసారి కూడా హారన్ కొట్టకుండా వ్యాను నడిపాడు. దారిలో రెండు కోళ్లు దానికి అలవాటు లేక ఆశ్చర్యపోయి అడ్డంగా నిలబడ్డాయి. ఆ సాయంత్రం జ్వరంలో ఉన్న టీచరుకు పిల్లలు సంగతంతా చెబితే ఆవిడ దుప్పటి తీసేసి లేచి కూర్చుంది. గుమాస్తా తన కూతురి కథను రేవులో దిగిన ప్రతివాడికీ, ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు. టిక్కెట్టు చేతిలో పెట్టకముందే చెప్పాడు.

మరుసటి శనివారం నుంచి అతనూ తీరదళంలో చేరాడు. వయసు మించినా దళపతి సిఫారసు మీద తీసుకున్నారు. నాలుగు వారాలుగా హాజరు పట్టీలో అతని పేరు ఎదురుగా కూతురి గుండ్రని చేతిరాతలో ఒకటే రిమార్కు పడుతోంది: "హాజరు. ఎక్కువ మాట్లాడును."